ఇజ్రాయెల్‌కు ఒంటరిగా వలస వెళ్లిన యూదు యువకుడికి మొదట్లో ఏది కష్టం?

భాషే. కొత్తగా వచ్చినవాళ్లకు హీబ్రూ నేర్పే 'ఉల్పాన్' తరగతులు ప్రభుత్వ సాయంతో నడుస్తాయి: సుమారు 5 నెలలు, వారానికి 5 రోజులు, పూటకు దాదాపు 5 గంటలు. మొదటిది 1949లో జెరూసలేంలో మొదలైంది.

చిక్కు ఎక్కడంటే, పాఠంలో అక్షరాలకు అచ్చుల గుర్తులుంటాయి, వీధి బోర్డుల్లో ఉండవు. మన గుణింతం తీసేసి రాసినట్టే. స-ఫ-ర అనే మూడక్షరాలను 'సేఫెర్' అని చదివితే పుస్తకం, 'సపార్' అని చదివితే మంగలి, 'సఫార్' అని చదివితే లెక్కపెట్టాడు. సందర్భాన్ని బట్టి చదవాల్సిందే. చాలామంది ఇక్కడే బెదిరి ఇంగ్లీషు, రష్యన్ మాట్లాడే స్నేహితుల మధ్యే ఉండిపోతారు. అలా అసలు చేయకూడదు. కూరగాయల బేరమైనా హీబ్రూలోనే ఆడాలి.

డబ్బు విషయానికొస్తే, కొత్తగా వచ్చినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే 'సల్ క్లితా' అనే స్థిరపాటు భత్యం నెలనెలా బ్యాంకులోనే పడుతుంది. అందుకే దిగగానే గుర్తింపు కార్డు, ఆ వెంటనే ఖాతా. ఖాతా ఆలస్యమైతే అద్దెకు ఇబ్బందే.

ఇంకొకటి: శుక్రవారం మధ్యాహ్నానికల్లా సరుకులు తెచ్చుకోండి. సాయంత్రం నుంచి యూదుల వారాంతపు విశ్రాంతి దినం 'షబ్బాత్' మొదలై, చాలా ఊళ్లలో బస్సులు ఆగిపోతాయి. ఆ రాత్రి భోజనానికి ఎవరైనా పిలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి, ఒంటరితనం ఎక్కువగా కొరికేది అప్పుడే.