కనిపించిందల్లా చెప్పేయకు

చి. మాధవికి,

అత్త దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన పెద్ద మెసేజ్ తీరిగ్గా కూర్చుని చదివాను. ఫోన్లో నాలుగు మాటల్లో తేల్చే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇన్నేళ్ళు బడిలో సైన్సు చెప్పాను, కాలనీ ఆడవాళ్ళకి యోగా నేర్పుతూనే ఉన్నాను. నీకొచ్చిన సందేహాలతో నా దగ్గరికి చాలామంది వచ్చారు. కాబట్టి సిగ్గుపడకుండా రాసినందుకు ముందు నిన్ను మెచ్చుకుంటున్నాను.

రాత్రిళ్ళు దీపం ముందు కూర్చుని, జ్వాలని రెప్ప వేయకుండా చూసే త్రాటకం చేస్తున్నాననీ, యూట్యూబ్ చూసి ప్రాణాయామం నేర్చుకున్నాననీ, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ముందే తెలిసిపోతోందనీ, కొన్ని కలలు నిజమయ్యాయనీ రాశావు. చివర్లో, నీ రూమ్మేట్ వాళ్ళమ్మ ఫోటో చూసినప్పుడు ఆవిడ చుట్టూ నల్లగా కనిపించిందనీ, ఆ అమ్మాయికి చెప్పాలా వద్దా అనీ అడిగావు. మిగతావన్నీ తర్వాత. ఈ ఒక్కదానికీ ముందు జవాబు చెప్తాను: చెప్పకు.

ఎందుకంటే, నువ్వు చెప్పి నిద్రపోతావు. ఆ పిల్ల నిద్రపోదు. ఇంటి నుంచి ఫోన్ మోగిన ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది. వాళ్ళమ్మకి చెప్తుంది, ఆవిడకి భయం పట్టుకుంటుంది, ఎవరో శాంతి చేయించమంటారు, మరొకరు ఉంగరం పెట్టుకోమంటారు, దానికి అప్పు చేస్తారు. ఆవిడ హాయిగా ఉన్నన్నాళ్ళూ నీ మాట ఎవరికీ గుర్తుండదు. ఎప్పుడో పదేళ్ళకి ఏ జ్వరమో వస్తే మాత్రం 'మాధవి అప్పుడే చెప్పింది' అంటారు. అలా అన్నప్పుడు నీకు లోపల సంతోషం కలుగుతుంది చూడు, అదే నాకు భయం.

మరి ఊరుకోవాలా? అక్కర్లేదు. స్నేహితురాలిగా అడుగు. 'అమ్మ ఒంట్లో ఎలా ఉంది? బీపీ, షుగర్ ఈ మధ్య చూపించుకున్నారా? ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఒకసారి టెస్టులు చేయించు' అను. నీకు కనిపించింది నిజమైనా కాకపోయినా ఆ మాట వల్ల మేలే గానీ కీడు లేదు. నీకు తోచిన ప్రతిదాన్నీ ఇలా మామూలు మాటగా మార్చుకోగలవా లేదా చూసుకో. మార్చలేనిదైతే నీలోనే ఉంచుకో.

మన పెద్దవాళ్ళు ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా కట్టుబాట్లు పెట్టారో చూడు. నువ్వు హైదరాబాదులోనే ఉన్నావు కాబట్టి ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలకి వెళ్ళు. ఆదివారం బోనాలైతే, మర్నాడు సోమవారం రంగం ఉంటుంది. పచ్చి కుండ మీద నిలబడి ఒకావిడ భవిష్యవాణి చెబుతుంది. వానలు ఎలా పడతాయి, పంటలు ఎలా ఉంటాయి, రోగాలు వస్తాయా, అమ్మవారు తృప్తిగా ఉందా, ఇవీ అక్కడ వచ్చే మాటలు. గుంపులో నిలబడ్డ ఒక మనిషిని పట్టుకుని 'నీ తల్లికి గండం' అని వేలెత్తి చూపించడం కాదు. చెప్పేది అందరికీ, అందరి ముందూ, ఏడాదికి ఒక్కరోజు. సోది చెప్పే ఎరుకలావిడ కూడా 'సోది చెబుతానమ్మ సోది' అని వీధిలో కేకేస్తూ పోతుంది, పిలిస్తేనే అరుగు మీద కూర్చుంటుంది. అడగని ఇంట్లోకి దూరి చెప్పదు. నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ మర్యాద మాత్రం నేర్చుకోవలసిందే. అనుమతి లేకుండా ఇంకొకరి మనసులోకి తొంగిచూడటం వాళ్ళ డైరీ తెరిచి చదవడం కంటే తక్కువ తప్పేమీ కాదు.

అడిగినా చెప్పకూడనివి కొన్ని ఉన్నాయి. చావు, జబ్బు, కడుపులో బిడ్డ, భార్యాభర్తల మధ్య అనుమానాలు. అన్నింటికన్నా ముఖ్యంగా, దొంగ ఎవరన్నది. ఇదివరకు ఇంట్లో నగ పోతే అంజనం వేయించేవాళ్ళు. తమలపాకు మీదో, బొటనవేలి గోటి మీదో కాటుక రాసి, చిన్నపిల్లని కూర్చోబెట్టి 'ఏం కనిపిస్తోందమ్మా' అని అడుగుతారు. చుట్టూ పెద్దవాళ్ళు ఆత్రంగా చూస్తుంటే ఆ పిల్ల ఏం చేస్తుంది? వాళ్ళ మొహాల్లో ఏ పేరు కోసం ఎదురుచూస్తున్నారో అదే చెబుతుంది. చాలాసార్లు అది పనిమనిషి పేరే అవుతుంది. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న నెపంతో మనుషుల్ని కట్టేసి కొట్టారు, పళ్ళు పీకారు, చంపేశారు. ఆ గొడవలు ఎక్కువగా ఇలాగే మొదలవుతాయి, ఎవరికో ఏదో తోచిందని ఒక పేరు బయటికి రావడంతో. నీ నోట ఎప్పుడూ ఒక మనిషి పేరు అలా రాకూడదు. చిన్నపిల్లల్ని ఇలాంటి వాటిలో కూర్చోబెట్టకు, ఎవరైనా కూర్చోబెడుతుంటే అడ్డుపడు. ఎవరి బిడ్డయినా తప్పిపోతే ఆ తల్లి దగ్గరికి కలలు మోసుకెళ్ళకు, అది పోలీసుల పని.

ఇక ఎదుటివాళ్ళ మనసు తెలిసిపోతోందన్నావు. నేను కాదనను. మా అమ్మ, అదే మీ నాయనమ్మ, గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూసి వచ్చినవాళ్ళు ఆకలితో వచ్చారో అప్పుకి వచ్చారో చెప్పేది. అది దివ్యదృష్టి అని ఎప్పుడూ అనుకోలేదు, చూడటం తెలిసిన మనిషి, అంతే. వందేళ్ళ కిందట బెర్లిన్లో హాన్స్ అని ఒక గుర్రం ఉండేది. లెక్క అడిగితే సరైన జవాబు వచ్చేదాకా నేల మీద డెక్కతో కొట్టి ఆపేసేది. 1907లో ఫంగ్‌స్ట్ అనే ఆయన దాన్ని కట్టుదిట్టంగా పరీక్షించాడు. అడిగేవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదని తేలింది. సరైన అంకె దగ్గరికి వచ్చేసరికి అడిగేవాళ్ళ తల, ఒళ్ళు తెలియకుండానే కాస్త కదిలేవి. గుర్రం దాన్ని పట్టుకునేది. యజమాని మోసగాడు కాదు, ఆయనకే ఆ సంగతి తెలియదు. నీకు తెలుస్తున్నదాంట్లో కూడా చాలా భాగం ఇదే అయ్యుంటుంది. అది తక్కువ విద్య కాదు. రోగుల్ని చూసుకునేవాళ్ళకీ, పాఠాలు చెప్పేవాళ్ళకీ ఎంతో అవసరమైన విద్య.

అయినా ఇంకేదో ఉందనిపిస్తే పరీక్ష పెట్టుకో. ఒక నోట్‌బుక్ తీసుకుని, కల వచ్చిన తెల్లారే తేదీ వేసి రాసెయ్. జరిగాక రాస్తే లెక్కలోకి రాదు, జ్ఞాపకం జరిగినదాన్ని బట్టి కలని దిద్దేస్తుంది. తప్పినవాటిని కూడా అంతే శ్రద్ధగా రాయి. కార్డులతో చూసుకోవాలంటే, తీసిన కార్డు మీద ఏ గుర్తుందో చూడకుండా చెప్పే పరీక్షకి జెనర్ కార్డులని ఉంటాయి: వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం. ఒక్కొక్కటి ఐదు చొప్పున మొత్తం 25. అట్టముక్కలతో ఇంట్లోనే చేసుకోవచ్చు. కలిపి తీసే మనిషి వేరే గదిలో కూర్చోవాలి, మొహం కనిపించకూడదు. ఊరికే ఊహించినా సగటున ఐదు సరిపోతాయి. ఏడెనిమిది వచ్చాయని ఎగిరి గంతేయకు, అదృష్టం బాగున్న రోజు ఎవరికైనా వస్తాయి. నెలల తరబడి చేసి మొత్తం సగటు చూడు.

నీ గురించి నువ్వే కాదు, నిన్ను మెచ్చుకునేవాళ్ళ మాట కూడా అంత తేలిగ్గా నమ్మకు. 1948లో ఫోరర్ అనే అమెరికా ప్రొఫెసరు తన విద్యార్థులకి 'మీ వ్యక్తిత్వం ఇదీ' అని తలా ఒక కాగితం ఇచ్చి, ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం! 'పైకి ధైర్యంగా ఉంటావు, లోపల భయపడతావు' అంటే కాదనేవాళ్ళు ఎవరు? అమెరికా ప్రభుత్వం కూడా దూరదృష్టితో, అంటే ఎక్కడో ఉన్నదాన్ని కూర్చున్నచోటి నుంచే మనసుతో చూసే శక్తితో, గూఢచర్యం చేయించాలని దాదాపు రెండు కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. రెండు దశాబ్దాల తర్వాత 1995లో పనికొచ్చే సమాచారం ఏదీ రాలేదని మూసేసింది. ఇవి నిన్ను నిరుత్సాహపరచడానికి రాయడం లేదు. నోట్‌బుక్ నీకు ఏం చూపిస్తే దాన్ని ఒప్పుకోగలిగే గుండె ముందే పెట్టుకోవాలని.

ఇప్పుడు సాధన సంగతి. త్రాటకం చేసేటప్పుడు దీపం కళ్ళకి సమానమైన ఎత్తులో, చేయి చాపినంత దూరంలో ఉండాలి. ఫ్యాన్ ఆపాలి, జ్వాల అల్లల్లాడకూడదు. లెన్సులు పెట్టుకుంటావు కదా, అవి తీసేయాలి. కళ్ళలో నీళ్ళు రాగానే ఆపాలి, కొత్తలో ఒకటి రెండు నిమిషాలు చాలు. గ్లకోమా, మూర్ఛ ఉన్నవాళ్ళు దీని జోలికి పోకూడదు, మైగ్రేన్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా చేయకూడదు. హాస్టల్ గదిలో మంచం పక్కన దీపం పెట్టుకుని, చున్నీ వేలాడుతుండగా, తలుపు గడియ వేసుకుని చేయకు. సూర్యుణ్ణి చూస్తూ చేయమని ఎవరైనా చెబితే వాళ్ళ మాట అసలు వినకు. కంటి వెనక పొర కాలినా నొప్పి తెలియదు, తెలిసేసరికి చూపులో మచ్చ పడిపోతుంది.

భస్త్రిక, అదే గబగబా ఊపిరి పీల్చి వదిలే ప్రాణాయామం, వేగంగా చేస్తుంటే వేళ్ళు జిమజిమలాడుతున్నాయనీ, శక్తి పైకి పాకుతోందనీ రాశావు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతే ఎవరికైనా వేళ్ళూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, చేతులు కొంకర్లు పోవచ్చు కూడా. అది కుండలిని కాదు తల్లీ, ఆపమని ఒళ్ళు చెప్పడం. సింహాన్నీ, ఏనుగునీ, పులినీ మచ్చిక చేసినంత నెమ్మదిగా ప్రాణాన్ని లొంగదీసుకోవాలనీ, తొందరపడితే సాధకుణ్ణే చంపుతుందనీ హఠయోగం పుస్తకాల్లోనే రాసి ఉంది. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు వేగంగా పీల్చి వదిలేవి చేయకూడదు. డాబా పిట్టగోడ మీదా, స్విమ్మింగ్ పూల్లోనూ ఎవరూ చేయకూడదు.

నన్ను నిజంగా కంగారు పెట్టింది నీ నిద్ర. అమెరికా వాళ్ళతో కాల్స్ అయ్యేసరికి అర్ధరాత్రి, తర్వాత సాధన, మళ్ళీ నాలుగింటికి బ్రాహ్మీ ముహూర్తమని లేవడం. ఆ ముహూర్తంలో లేచే తాతలు ఎనిమిదింటికే పడుకునేవాళ్ళు. నిద్ర చాలకపోతే ఎలాంటివాళ్ళకైనా నీడలు కదులుతాయి, పేరు పెట్టి పిలిచినట్టు వినిపిస్తుంది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండి కదల్లేకపోయానన్నావు. అది నిద్ర పక్షవాతం, మెదడు మేలుకున్నా ఒళ్ళు ఇంకా నిద్రలోనే ఉండటం. నిద్ర తక్కువైతే, వెల్లకిలా పడుకుంటే ఎక్కువగా వస్తుంది. కాబట్టి షిఫ్ట్ మారేదాకా రాత్రి సాధన ఆపెయ్. ఏడు గంటల నిద్ర పడ్డాక కూడా అవే కనిపిస్తాయేమో అప్పుడు చూద్దాం. ఈలోగా ఉపవాసాలు కూడా వద్దు.

ఆన్‌లైన్‌లో దీక్ష ఇస్తానన్న గురువుగారి సంగతి. మూడో కన్ను తెరిపిస్తానని ప్యాకేజీ ధర చెప్పేవాడు, ఇంట్లో చెప్పొద్దనేవాడు, ఒంటరిగా రమ్మనేవాడు, నువ్వు వాడే మాత్రలు మానేయమనేవాడు, వీళ్ళలో ఎవరూ గురువు కాదు. మంత్రతంత్రాలతో, తాయెత్తులతో జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడం మనదేశంలో 1954 చట్టం ప్రకారం నేరం. నువ్వు కూడా ఎవరి దగ్గరా రూపాయి తీసుకోకు. డబ్బు తీసుకున్నాక 'నాకేం తోచలేదు' అని చెప్పే స్వేచ్ఛ ఉండదు, ఏదో ఒకటి కల్పించాల్సి వస్తుంది. పతంజలి యోగసూత్రాల్లోని విభూతి పాదంలో సిద్ధులన్నీ చెప్పి, ఇవి సమాధికి అడ్డంకులని కూడా అక్కడే చెప్పాడు. నీకు ప్యాకేజీలు అమ్మేవాళ్ళు ఆ సూత్రం దగ్గర ఎందుకు ఆగరో ఆలోచించు.

ఒక్కటి మాత్రం దాచకు. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తూ ఉంటే, ఆ మాటలు ఏదైనా చేయమని ఆజ్ఞ వేస్తుంటే, టీవీలో వాళ్ళు నీ గురించే మాట్లాడుతున్నారనిపిస్తే, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసటే తెలియకపోతే, బతకాలని లేదనిపిస్తే, సాధన అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మీ అమ్మవైపు ఒకరికి మానసిక జబ్బు ఉండేది, నీకూ తెలుసు. అలాంటి కుటుంబాలవాళ్ళు ఇంకా ముందే జాగ్రత్తపడాలి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ఫోన్ సేవ. డబ్బులక్కర్లేదు, పగలూ రాత్రీ ఎప్పుడైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకో. ఏ వేళయినా నాకు చేసినా సరే.

మా తమ్ముడికి, అదే మీ నాన్నకి, ఈ సంగతులేవీ నేను చెప్పను. నిద్ర పట్టడం లేదన్న మాట మాత్రం నువ్వే వాడికి చెప్పు. నీ షిఫ్ట్ మార్చమని ఆఫీసులో ఈ వారమే అడుగు, ఏమన్నారో ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్త