మందు కొనేముందు షుగర్ చూపించుకో

చి. శ్రీనుకి, మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "మా ఫ్రెండ్ ఒకడికి అంగం గట్టిపడని సమస్య ఉంది మావయ్యా" అని మొదలుపెట్టావు. ఆ ఫ్రెండ్ వయసూ ఉద్యోగమూ నీవే అయ్యాయి. పర్లేదు. తెనాలిలో మందుల షాపు నడిపినన్నాళ్లూ ఆ ఫ్రెండ్ గురించి చాలామంది నోట విన్నాను. షాపు కట్టేసే వేళకి వస్తారు. ముందు ఒక జెలూసిల్ షీట్ అడుగుతారు. పక్కన ఎవరైనా ఉంటే దగ్గుమందు సీసాల మీది అక్షరాలు చదువుతూ నిలబడతారు. అందరూ వెళ్లాక చొక్కా జేబులోంచి మడతపెట్టిన చీటీ తీసి నా వైపు జరుపుతారు. చీటీ డాక్టర్ రాసిందా అంటే కాదు, పక్కింటాయన చెప్పిన బిళ్ల పేరు. నువ్వు ఆ పని చెయ్యకముందే ఈ ఉత్తరం నీకు అందాలని రాస్తున్నాను.

అంగం గట్టిపడడమంటే అక్కడి రక్తనాళాలు వదులై, రక్తం నిండి, కాసేపు వెనక్కి పోకుండా నిలవడం. ఆ నాళాల లోపలి వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకి రక్తం అందించేవి 3, 4 మిల్లీమీటర్లు ఉంటాయి. పైపుల్లో పాచి పడితే ముందు ఆగేది సన్న పైపే కదా. గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరినవాళ్లని అడిగితే, అంతకు రెండు మూడేళ్ల ముందు నుంచే ఈ ఇబ్బంది ఉందని చెప్పేవాళ్లు చాలామంది. నీకు 42 వచ్చాయి, పొట్ట వచ్చింది, బావగారికి షుగర్. రోజుకి ఎన్ని సిగరెట్లో నేను అడగను, డాక్టర్ అడిగితే మాత్రం నిజం చెప్పు. షుగర్ రక్తనాళాల్నీ నరాల్నీ రెండింటినీ దెబ్బతీస్తుంది. ఈ సమస్యతో వెళ్లాకే తమకి షుగర్ ఉందని తెలిసినవాళ్లు నా కస్టమర్లలోనే ఉన్నారు.

ఒక సంగతి నీకు నువ్వే గమనించుకో. తెల్లవారుజామున నిద్రలో గానీ లేచేటప్పుడు గానీ గట్టిపడుతోందా? పడుతుంటే నరాలూ రక్తనాళాలూ చాలావరకు బాగున్నట్టే, గొడవ ఎక్కువగా టెన్షన్‌ది. ఒకసారి తప్పితే రెండోసారి "ఈసారీ ఇంతేనా" అన్న భయమే పని చెడగొడుతుంది. అలా కాకుండా నెలల తరబడి మెల్లగా తగ్గుతూ, పొద్దున కూడా లేకపోతే ఒంట్లో కారణం వెతకాలి. రెండూ కలిసి ఉండడమూ మామూలే. వాడే బిళ్లల పేర్లు కూడా రాసుకెళ్లు. అటెనొలాల్ లాంటి కొన్ని బీపీ మందులు, డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులు ఈ ఇబ్బంది తెస్తాయి. అలాగని నీ అంతట నువ్వు ఆపెయ్యకు, డాక్టరే మారుస్తాడు.

ఇక నువ్వు అడగాలనుకుని అడగని బిళ్ల. వయాగ్రాలో ఉండే మందు సిల్డెనాఫిల్. దాన్ని మొదట ఛాతీనొప్పి కోసం పరీక్షించారు. ఆ నొప్పికి పెద్దగా పనికిరాలేదు గానీ ఇలా పనికొచ్చింది, 1998 మార్చిలో అమెరికాలో అనుమతి దొరికింది. అది కోరిక పుట్టించదు, కోరిక ఉన్నప్పుడు రక్తం నిలవడానికి సాయపడుతుంది. గంట ముందు వేసుకోవాలి. బిర్యానీ దట్టంగా తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది, మందు పార్టీ తర్వాత అసలు నమ్ముకోవద్దు. ఒక్కసారికే పనిచెయ్యలేదని తేల్చకూడదు, డాక్టర్ చెప్పిన మోతాదులో ఆరేడుసార్లు చూడాలి. రోజుకి ఒకటి మించకూడదు. ఇదే పనికి వాడే ఇంకో బిళ్ల టడాలఫిల్, దాని ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది.

ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. గుండెనొప్పికి నాలిక కింద పెట్టుకునే సార్బిట్రేట్‌తో, ఇతర నైట్రేట్ మందులతో ఈ బిళ్లలు కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. బిళ్ల వేసుకున్నాక ఛాతీలో నొప్పి వస్తే ఇంట్లో ఉన్న సార్బిట్రేట్ తీసి నోట్లో పెట్టుకోకు. సిగ్గుపడకుండా "ఇన్ని గంటలకి ఫలానా బిళ్ల వేసుకున్నాను" అని ఆసుపత్రిలో ముందే చెప్పు. గట్టిపడింది నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే అప్పుడూ ఆసుపత్రికే.

లాడ్జి డాక్టర్ల జోలికి వెళ్లకు. "ప్రతి నెలా 5వ తేదీన ఫలానా లాడ్జిలో" అని బస్టాండు గోడల మీద రాసి ఉంటుంది చూడు, ఆ బాపతు. సంభోగశక్తి పెంచుతామని ప్రకటించడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం, అయినా గోడ ఖాళీగా ఉండదు. పేరూ ఊరూ లేని పొట్లాల్లో పొడి ఇస్తారు. ఇలా మూలికల పేరుతో అమ్మే మందుల్లో సిల్డెనాఫిలే కలిపి దొరికిన కేసులు ఎన్నో. ఎంత కలిపారో తెలియదు, గుండె మందులు వాడేవాడికి అది విషమే. పైగా చిన్నప్పటి హస్తప్రయోగం వల్ల ధాతువు పోయి నరాలు చచ్చుబడ్డాయని భయపెట్టి డబ్బు గుంజుతారు. దానివల్ల ఏ నరమూ చచ్చుబడదు.

మీ ఆవిడకి చెప్పావా? చెప్పి ఉండవు. నువ్వు ఏదో వంకన హాల్లో టీవీ ముందు పడుకుంటుంటే, తన మీద ఇష్టం పోయిందనో ఇంకెవరో ఉన్నారనో అనుకుంటుంది. ఆ మాట ఆమె మీ అక్కతో అనకముందే నువ్వు చెప్పు. రాత్రి మంచం మీద వద్దు, ఆదివారం సాయంత్రం పిల్లలు బయట ఆడుకునేటప్పుడు చెప్పు. కొన్ని వారాలు కలయిక ప్రయత్నమే పెట్టుకోకుండా, ఊరికే దగ్గరగా ఉందామని ఇద్దరూ అనుకోండి. పరీక్ష లేదని తెలిస్తే భయం దానంతట అదే తగ్గుతుంది. టెన్షన్ కేసుల్లో డాక్టర్లు కూడా ఇదే చెప్తారు. త్వరగా అయిపోవడమన్నది వేరే సమస్య, దానికి వేరే మందులూ పద్ధతులూ ఉన్నాయి. అదీ ఉంటే డాక్టర్‌కి విడిగా చెప్పు.

సిగరెట్ మానడం, నడక, పొట్ట తగ్గించడం నీకు తెలియనివి కావు, కాకపోతే ఫలితానికి నెలలు పడుతుంది. బిళ్ల పనిచెయ్యనివాళ్లకి పంపులూ ఇంజెక్షన్లూ, చివరికి ఆపరేషన్ చేసి పెట్టే ఇంప్లాంటూ ఉన్నాయి. నీకు అంతదూరం ఆలోచన ఇప్పుడు అక్కర్లేదు. ముందు జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లు, అవసరమైతే ఆయనే యూరాలజిస్ట్‌కి రాస్తాడు. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో యూరాలజీ ఓపీ ఉంటుంది.

సోమవారం పొద్దున ఏమీ తినకుండా ల్యాబ్‌కి వెళ్లు. ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏవన్‌సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, థైరాయిడ్, డాక్టర్ రాస్తే టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) కూడా అన్నిటికీ ఒకేసారి రక్తం ఇచ్చెయ్యి. టెస్టోస్టిరాన్ సాయంత్రం ఇస్తే తక్కువ చూపిస్తుంది, కాబట్టి పది లోపే వెళ్లు. బీపీ కూడా చూపించుకుని ఆ అంకె కాగితం మీద రాయించుకో.

మీ మావయ్య