కాగితం అడుగున ఖాళీ

అల్లిపురం, విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అసలు సంగతి చివర్లో చెప్పాడు. ముందు పావుగంటసేపు వాడి మోకాళ్ళు, వానలు, కొండ మీద దర్శనానికి పట్టిన టైమూ. "ఏట్రా, ఏదో నానుస్తున్నావు" అంటే అప్పుడు బయటపెట్టాడు. నువ్వూ నీ స్నేహితులిద్దరూ కలిసి పదిహేను రోజులకోసారి నాలుగు పేజీల కాగితం అచ్చేయించబోతున్నారట. పౌర గ్రంథాలయం దగ్గరా, బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకొచ్చేవాళ్ళకీ పంచుతారట. రాజకీయాల మీద ఎవరి రాతలు చదవాలో, ఆ రాసేవాళ్ళు ఎవరో, మీకెందుకు నచ్చారో అందులో చెబుతారట. "నువ్వు చెప్పి మాన్పించు అక్కా, నీ మాటైతే వింటుంది" అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం ఏమిటంటే, అటక మీద పడేసిన నా పాత కుర్చీని ఎవరో దింపి, దులిపి, అందులో కూర్చున్నట్టుంది.

మాన్పించను. కాని నాలుగు మాటలు చెబుతాను, విను.

నువ్వు చదవనివాళ్ళ పేరు ఎత్తకు. ఒక్క వ్యాసం చదివి మురిసిపోకు, పదైనా చదువు, అందులో రెండు మూడు పాతవి ఉండాలి. అక్షరం పన్నెండు పాయింట్ల కంటే తగ్గించకు, నడకకొచ్చేవాళ్ళలో సగం మందికి నాలాగే శుక్లాలు. మీ మధురవాడ ఆఫీసువాళ్ళు ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితాలు తీసి, ఇలాంటివి చెయ్యొచ్చో లేదో చూసుకో. వరసగా అచ్చేసి పంచే కాగితంలో దేశవ్యవహారాల మీద వ్యాఖ్య ఉంటే అది పత్రిక కిందికి వస్తుంది. 2023లో కొత్త చట్టం తెచ్చారు కదా, రిజిస్ట్రేషన్ సంగతి మొదటి సంచికకి ముందే కనుక్కో. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను, రెండేళ్ళ దాకా జైలు. ఆ నంబరు నాకెలా తెలుసంటావా? రాత్రి రెండింటికి లేచి చూశాను.

నవ్వకు. మా ఇంట్లో కాగితం అంటే భయం 1966 నవంబరు 1 నుంచి ఉంది. నాకప్పుడు పదేళ్ళు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు గారు నిరాహార దీక్షలో ఉన్నారు. ఆ రోజు ఊళ్ళో కాల్పులు జరిగాయి. మా చిన్నాన్న ఇంటికి రాలేదు. మీ నానమ్మ తలుపు గడియ వేసి, దండెం మీదున్న చిన్నాన్న చొక్కా జేబులు తడిమి, దొరికిన కరపత్రాలన్నీ పొయ్యిలో పెట్టింది. మర్నాడు ఆయన నడుచుకుంటూ వచ్చి "నా కాగితాలేవి వదినా" అని అడిగితే, ఆవిడ మాట్లాడకుండా అన్నం వడ్డించింది. ఇప్పటికీ ఎవరైనా చేతిలో కాగితం పెడితే నేను ముందు పొయ్యి ఎక్కడుందో చూస్తాను.

అయినా నన్ను నిద్రపోనివ్వనిది కేసుల భయం కాదు. మీ నాన్న చివర్లో ఊరటగా ఒక మాటన్నాడు: "కాగితం మీద పేర్లు వెయ్యరటలే, అదొక్కటే తెలివైన పని." అదిగో, అక్కడ లేచి కూర్చున్నాను.

నేను ప్రెస్సులో పనిచేశానని నీకు తెలుసు. ఎందుకు మానేశానో చెప్పలేదు. మీ నాన్నకీ సగమే తెలుసు.

బి.ఏ. అయ్యాక ఉద్యోగం రాక, వేలంపేట దగ్గర ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దడానికి చేరాను. రెండు ట్రెడిల్ మిషన్లు, గోడ వారగా సీసం అక్షరాల కేసులు, మూలన నా బల్ల. అక్కడే అచ్చయ్యే ఒక చిన్న వారపత్రికలో చివరి పేజీ ఒకాయన రాసేవాడు. మారుపేరుతోనే. ఆ పేరు ఇక్కడ రాయను. ఎంత బాగా రాసేవాడంటే, దిద్దడం మర్చిపోయి చదువుతూ కూర్చునేదాన్ని. అప్పుడు ఊళ్ళో నీళ్ళకి కటకట. తాటిపూడి నీళ్ళు, మేహాద్రిగెడ్డ నీళ్ళు అంటూ లెక్కలు చెప్పేవారే గాని కొళాయి చుక్క రాల్చేది కాదు. మన వీధిలో పెళ్ళిచూపులు పెట్టుకోవాలంటే పంచాంగం కంటే ముందు కొళాయి వచ్చే రోజు చూసుకోవాలని రాశాడొకసారి. నేను ఆ పత్రిక పట్టుకెళ్ళి బిందెల వరసలో చదివి వినిపించేదాన్ని. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. "మళ్ళీ ఎప్పుడు రాస్తాడమ్మా" అని అడిగేవారు. ఆ రాత నాదైనంత గర్వం నాకు.

ఎనభైల మొదట్లో కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. నాలుగు రోజుల ముందు, పత్రికలో పెట్టి పంచడానికి ఒంటి కాగితమొకటి కంపోజింగుకొచ్చింది. అదే చెయ్యి, అదే సొగసు. మా వార్డులో నిలబడ్డ ఒక బడి మాస్టారు, బోరు కోసం వీధంతా వేసుకున్న చందా మింగేశాడని.

ప్రూఫు దిద్దుతుంటే నా చూపు ఒకచోట ఆగింది. మాస్టారి దగ్గర కాదు, కాగితం అడుగున. అచ్చయ్యే ప్రతి కాగితం మీదా ప్రెస్సు పేరూ ఊరూ ఉండాలని 1867 నాటి చట్టం. మా దగ్గర ఆ వరస ఎనిమిది పాయింటు అక్షరాల్లో కూర్చి, దారంతో కట్టి, ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఫారం బిగించేముందు తెచ్చి అడుగున పెట్టడమే. ఏళ్ళ తరబడి అచ్చుపడి అందులో నకారం ఒత్తు అరిగిపోయి "విశాఖపటం" అని పడేది. నేను ప్రతిసారీ సున్నా చుట్టేదాన్ని, వాళ్ళు ప్రతిసారీ అలాగే వదిలేసేవారు. ఆ రోజు సున్నా చుట్టడానికి అక్కడేమీ లేదు. ఖాళీ. ఫోర్‌మన్‌ని అడిగాను. "తర్వాత పెడతాంలేమ్మా, టైమైపోతోంది" అన్నాడు. ఎప్పుడూ అరిగిన ఒత్తు కోసం గొడవపడేదాన్ని, ఆ రోజు నోరెత్తకుండా మూలన పొడి సంతకం పెట్టేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు ఆ కాగితం కూడా కొళాయి దగ్గరికి తీసుకెళ్ళాను. ఎవరో అన్నారు, మాస్టారు అలాంటివాడు కాదే అని. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఆయన రాస్తే అబద్ధం ఉండదు. మూడేళ్ళుగా నేనేగా ప్రూఫు చూస్తున్నది." అచ్చుతప్పులు పట్టేదానికి నిజంలో తప్పులు కూడా తెలుస్తాయని వాళ్ళు నమ్మారు. నేనూ నమ్మాను.

మాస్టారు ఓడిపోయాడు. ట్యూషను పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఆయన భార్య చందా లెక్కల నోటు పుస్తకం, బోరు వాళ్ళకి కట్టిన రసీదులు పట్టుకుని గడపగడపకీ తిరిగింది. "చూడండమ్మా, మీరే కూడుకోండి" అని. ఆవిడ మా మెట్లెక్కడం కిటికీలోంచి చూసి, నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. మీ నానమ్మ ఒక్కర్తే నిలబడి ఆ పుస్తకం చివరిదాకా చూసింది.

మార్చి నెలలో లెక్కలు తేల్చేటప్పుడు ఓనరు బిల్లుల పుస్తకం నాకిచ్చి కూడమన్నాడు. ఆ వారపత్రిక కాగితం ఖర్చూ, అచ్చు ఖర్చూ మూడేళ్ళుగా, ప్రతి నెలా, నీటి గొట్టాలు వేసే ఒక కాంట్రాక్టరు పేరు మీద ఉన్నాయి. మా వార్డులో గెలిచింది ఆయన బావమరిది. ఆ పుస్తకం దాచిపెట్టిందేం కాదమ్మా. రోజూ నా బల్ల మీదే ఉండేది. దాని మీదే టీ గ్లాసు పెట్టేదాన్ని. అట్ట మీది గుండ్రటి మరకలు నావే.

నన్ను ఇప్పటికీ తినేసేది ఏమిటో తెలుసా? నీళ్ళ మీద ఆయన రాసినవన్నీ నిజాలే. కొత్త గొట్టాలు పడితే కాంట్రాక్టరుకి లాభం కాబట్టి ఆ నిజాలు అచ్చయ్యాయి. ఆ నిజాలతో సంపాదించుకున్న నమ్మకమంతా ఒక్క కాగితం మీద ఖర్చుపెట్టాడు. దానికి జామీను సంతకం నాది.

పదేళ్ళ తర్వాత ఆర్టీసీ కాంప్లెక్సులో విజయనగరం బస్సు దగ్గర మాస్టారు కనిపించాడు. "బాగున్నావా అమ్మా" అని సంచీ తీసి పక్కన చోటిచ్చాడు. కూర్చున్నాను. చెబుదామనుకున్నాను. బస్సొచ్చింది, వెళ్ళిపోయాడు.

సరే. ఇక నీ సంగతి.

ఒకరి రాత బాగుందని చెప్పడానికి నువ్వక్కర్లేదు, చదివితే వాళ్ళకే తెలుస్తుంది. రాసినాయన ఏ ఒడ్డున నిలబడి రాశాడో చెప్పు. నార్ల వెంకటేశ్వరరావు గారి సంపాదకీయాల గురించి రాస్తావనుకో. ఆయన ఆంధ్రప్రభలోనూ తర్వాత ఆంధ్రజ్యోతిలోనూ ఆ కుర్చీలో ఉండగానే, 1958 నుంచి రెండు దఫాలు రాజ్యసభ సభ్యుడు కూడా. అది అదే పేరాలో రాయి, ఎక్కడో చివర్లో కాదు. సాయినాథ్ గారి గురించి రాస్తే వి.వి.గిరి గారి మనవడని రాయి. ఆయన్ని తగ్గించడానికని కాదు. రాష్ట్రపతి మనవడు కరువు పల్లెల్లో ఏళ్ళ తరబడి తిరిగాడంటే ఆ రాత బరువు పెరుగుతుందే గాని తరగదు. విశాలాంధ్ర, ప్రజాశక్తి పార్టీ పత్రికలని ముఖం చిట్లించకు. ఒకటి సి.పి.ఐ.ది, ఒకటి సి.పి.ఎం.ది అని అందరికీ తెలుసు, కాబట్టి చదివేవాడు ఎంత ఉప్పు తగ్గించుకోవాలో అంత తగ్గించుకుంటాడు. ఏ రంగూ లేదని చెప్పుకునేవాటి దగ్గరే నాకు అనుమానం.

బాలగోపాల్ గారిని మొదటి సంచికలోనే వేస్తానని అన్నావట. వెయ్యి. కాకతీయలో లెక్కలు చెప్పిన మేష్టారు, తర్వాత హైకోర్టు వకీలు అని రాసి ఊరుకోకు. పౌరహక్కుల సంఘంలో అన్నేళ్ళు పనిచేసి, హింస విషయంలో తనవాళ్ళతోనే విభేదించి బయటికొచ్చి, 1998లో మానవ హక్కుల వేదిక పెట్టాడు. తన మనసు ఎందుకు మారిందో దాచుకోకుండా రాశాడు. నేను ఇప్పుడు ఎవర్ని చదివినా ముందు అదే వెతుకుతాను: తనవాళ్ళకి నచ్చని మాట ఈ మనిషి ఎప్పుడైనా రాశాడా అని. పతంజలి గారిని మాత్రం మూడో నాలుగో సంచిక దాకా ఆపు. మన అలమండ మనిషి, నవ్వించి చంపుతాడు. ఆయన్ని ముందే చదివితే తర్వాత ఎవరు రాసినా చప్పగా ఉంటుంది.

డబ్బు సంగతి పాతకాలం ముచ్చటనుకోకు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలేశారన్న గొడవ మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో విచారణ చేయించింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె.శ్రీనివాసరెడ్డి గారు. పేర్లతో సహా 71 పేజీలు రాసిచ్చారు. కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి, పేర్లు తీసేసిన పొట్టి నివేదిక ప్రకటించింది. 2011లో సమాచార కమిషన్ చెప్పాకే పెద్దది బయటపడింది. చూశావా, ఎక్కడైనా ముందు ఊడిపోయేది పేర్లే.

నువ్వూ ఎక్కడో ఒకచోట నిలబడ్డ మనిషివేనే పిచ్చిదానా. ఉక్కు ఫ్యాక్టరీ గురించి ఎవర్ని చదవమని చెప్పినా, మా నాన్న ముప్పై ఏళ్ళు కూర్మన్నపాలెం గేటు దాటి డ్యూటీకెళ్ళాడు, నా ఫీజులన్నీ ఆ జీతంలోంచే కట్టాడు అని ముందు రాయి. కేంద్రం నూరు శాతం వాటా అమ్మేయాలని 2021 జనవరిలో నిర్ణయించిన దగ్గర్నుంచి మీ నాన్న ఆ మాటెత్తితే అన్నం సగంలో లేచిపోతాడు. అలాంటి ఇంట్లో పెరిగి, అమ్మాలనేవాళ్ళ వాదన నిజాయితీగా చెప్పగలవో లేదో నాకు తెలీదు. ఒకరినైనా వెతికి వెయ్యి. మీ నాన్న నాలుగు రోజులు మాట్లాడడు, అంతే కదా.

ఇక పేర్ల సంగతి. నువ్వేం వాదిస్తావో నాకు తెలుసు. 1970లో ఇదే ఊళ్ళో శ్రీశ్రీ షష్టిపూర్తప్పుడు, రచయితలు ఎటువైపో తేల్చమని అడిగిన కరపత్రం కింద విశాఖ విద్యార్థులు అనే కదా ఉంది, ఒక్క మనిషి పేరైనా ఉందా అంటావు. లేదు. ఆ ఏడే విప్లవ రచయితల సంఘం, అదే విరసం, పుట్టింది కూడా. కాని అది అంత పెద్దవాళ్ళని ఎదురుగా నిలబడి ప్రశ్న అడిగింది. మేం వేసిన కాగితం, తిరిగి జవాబు చెప్పుకోను చోటులేని ఒక మాస్టారి మీద వేలెత్తింది. ఆయన భార్య ఆ నోటు పుస్తకం పట్టుకుని ఎవరింటికి వెళ్ళాలో తెలీకే అందరిళ్ళకీ తిరిగింది. మీ కాగితంలో తప్పు దొర్లితే ఆ మనిషి ఏ గుమ్మం ఎక్కాలి?

మీ ముగ్గురి పేర్లూ వెయ్యడానికి మీ ఇళ్ళల్లో ఒప్పుకోరు. నాకూ భయమే, దాచను. అందుకని ఆలోచించాను. ప్రచురణ అని నా పేరు, అల్లిపురంలో ఈ ఇంటి నంబరు వెయ్యండి. నన్ను ఏ ఆఫీసువాళ్ళూ తీసెయ్యలేరు, పెళ్ళి సంబంధాలూ చెడిపోవు. ఎవరైనా నోటు పుస్తకం పట్టుకొస్తే ఈసారి తలుపు నేనే తీస్తాను. మీ నాన్నకి నేను చెప్పుకుంటాను. నువ్వు మధ్యలో దూరకు.

ప్రూఫు శనివారం నాలుగు లోపే తీసుకురా, చీకటిపడితే నాకు ఒత్తులు కనపడవు. ఫోన్లో పంపకు, కాగితం మీద కావాలి. పక్కన రాయడానికి రెండు వేళ్ళ అంచు వదిలిపెట్టమను. పెసరట్టుకి పప్పు నానబోస్తాను, నీ స్నేహితుల్ని కూడా తీసుకురా. అల్లం అయిపోయింది, పూర్ణా మార్కెట్ మీంచి వస్తే పావుకిలో పట్టుకురా.

మీ అత్త