పాతకాలపు యూరప్‌లో ఆడవాళ్ళకి ఆ బట్టల్లో ఊపిరాడేదా?

ఆడేది. బాగానే ఆడేది. వేసుకుని చూసి చెబుతున్నాను.

మీరు అడిగింది ఇదీ: సీరియళ్ళలో పనిమనిషి వెనక నిలబడి తాళ్ళు గుంజుతుంటే దొరసాని మంచం కోడు పట్టుకుని విలవిల్లాడుతుంది, మగవాళ్ళు మాత్రం కోటు తగిలించుకుని హాయిగా తిరుగుతారు, నిజంగా అలాగే ఉండేదా, అంత హింస పడి ఆ బట్టలు ఎందుకు వేసుకునేవారు అని. నేను ముప్పై రెండేళ్ళుగా గుడివాడలో ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాను. ఆ సీన్లు తీసేవాళ్ళు బట్టలు కుట్టే మనిషిని ఒక్కసారి అడిగినా అలా తీయరు.

నాలుగేళ్ళ క్రితం ఒక కాలేజీ పిల్లలు ఇంగ్లిష్ నాటకం వేస్తున్నామని, 1770ల నాటి ఇంగ్లండు బట్టలు కావాలని వచ్చారు. లోపల బిగించుకునేదాన్ని అప్పట్లో స్టేస్ అనేవారు. కార్సెట్ అన్న పేరు స్థిరపడింది ఆ తర్వాత. రెండు పొరల మందపాటి గుడ్డ తీసుకుని, పక్కపక్కనే నిలువు కుట్లు వేసి సన్నటి గొట్టాల్లా చేసి, వాటిలోకి తిమింగలం పుల్లలు దూర్చాలి. ఎముక అంటారు గానీ ఎముక కాదు. తిమింగలం నోట్లో జల్లెడలా వేలాడే పదార్థం అది, ఒంటి వేడికి మెత్తబడి మనిషి ఆకారానికి వంగుతుంది. నేనేం చేశానంటే, కరెంటు పనివాళ్ళు వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలు కొనుక్కొచ్చి, తలలు కోసేసి, చివర్లు గుచ్చుకోకుండా దీపం మీద కాల్చి దూర్చాను. ఒక్కదానికి అరవై పైనే పట్టాయి.

పిల్లలకి ఇచ్చే ముందు నా కొలతకి ఒకటి కుట్టుకుని నాలుగు రోజులు అది వేసుకునే మిషను తొక్కాను. మొదటి గంట చిరాకు పుట్టింది. మధ్యాహ్నానికి ఒంటి మీద ఉన్న సంగతే మర్చిపోయాను. కింద పడ్డ దారపుండ తీయాలంటే నడుము వంగదు, గొంతుకూర్చుని తీసుకోవాలి. అన్నం ఒకేసారి కడుపునిండా తినలేం, రెండు విడతలుగా తిన్నాను. అంతే. ఊపిరికి ఏ అడ్డూ లేదు. పైగా పాతికేళ్ళుగా మిషను మీదకి వంగి వంగి నాకు పట్టుకున్న నడుంనొప్పి ఆ నాలుగు రోజులూ సగం తగ్గింది, వీపుకి గోడ కట్టినట్టుండేది. నాకింతకంటే రుజువు అక్కర్లేదు.

దాని అసలు ఉపయోగం ఏమిటో మన ఆడవాళ్ళకి చెబితే ఇట్టే తెలుస్తుంది. చీరకింద లంగా బొందు ఒరుసుకుని నడుముకి నల్లటి గాడి పడనివాళ్ళు మనలో ఎంతమంది? మనం కట్టేది ఒక్క లంగా. వాళ్ళు చలికి మూడు నాలుగు కట్టేవారు, ఒక్కోటి దుప్పటంత బరువు. ఆ బొందులన్నీ స్టేస్ మీద పడేవి, ఒంటి మీద పడేవి కావు. రొమ్ముకి ఆసరా అదే, వీపుకి ఆసరా అదే, లంగాల బరువు మోసేదీ అదే. పొలాల్లోకి, చేపల బజారుకి పోయే ఆడవాళ్ళు కూడా వేసుకున్నారంటే ఊపిరాడకే వేసుకున్నారా?

మరి మ్యూజియాల్లో అంత సన్నటి నడుములు ఎందుకుంటాయి అంటారు. కారణం కుట్టుపనిలోనే ఉంది. పెద్ద సైజు గౌనుని విప్పి ఇంకొకరికి కుట్టుకోవచ్చు, అలా కుట్టుకుంటూ పోతే చివరికి చీలికలైపోతుంది. సన్నటి పిల్లదాని గౌను ఎవరికీ పట్టక పెట్టె అడుగున మిగిలిపోతుంది, అదే మ్యూజియానికి చేరుతుంది. గట్టిగా బిగించుకున్నవాళ్ళు అసలే లేరని నేను అనను, 1800ల్లో ఉన్నారు. తాడు దూర్చే రంధ్రాలకి లోహపు రింగులు 1828 నుంచి వచ్చాయి కాబట్టి అది కుదిరింది. అంతకు ముందు ఆ రంధ్రాలు మనం కాజాలు కుట్టినట్టు చేత్తో దారం చుట్టి కుట్టినవే, మితిమీరి గుంజితే గుడ్డే చిరుగుతుంది.

(ఆ కాలేజీ వాళ్ళు ఒప్పుకున్న కూలిలో సగమే ఇచ్చారు. నాటకానికి లైట్లకి పెట్టిన ఖర్చు కనపడుతుంది, కుట్టుకూలి దగ్గరికి వచ్చేసరికి అందరికీ బేరం గుర్తొస్తుంది. స్టేస్‌లో ఒక్కో గీత తిన్నగా రావాలంటే ఎంత కళ్ళు పొడుచుకోవాలో ఎవరికి పట్టింది.)

ఇంకో మాట. యూరప్‌లో చాలాకాలం ఆడవాళ్ళ బట్టలు కుట్టే హక్కు మగ దర్జీల చేతుల్లోనే ఉండేది. ప్యారిస్‌లో ఆడ దర్జీలు తమకో సంఘం కావాలని అడిగి అడిగి 1675లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ దగ్గర అనుమతి తెచ్చుకున్నారు. అప్పుడు కూడా స్టేస్ పని మగవాళ్ళు వదల్లేదు. అమెరికా స్వాతంత్ర్యం కోసం రాసిన థామస్ పెయిన్ ఉన్నాడే, ఆయన ఇంగ్లండులో నేర్చుకున్న కులవృత్తి లాంటి పని ఇదే, తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఇది తెలిసిన రోజు నాకు చాలా గౌరవం కలిగింది ఆయన మీద.

మగవాళ్ళు హాయిగా తిరిగారన్నది కూడా తప్పు. ఎత్తు మడమల చెప్పులు ముందు మగవాళ్ళవే. పద్నాలుగో లూయీ ఎర్ర మడమలు వేసుకుంటే ఆ కొలువులో పెద్దవాళ్ళంతా వేసుకున్నారు. తల గొరిగించుకుని విగ్గు పెట్టి దానికి పిండిలాంటి పౌడరు చల్లేవారు. 1795లో ఇంగ్లండులో ఆ పౌడరు మీద మనిషికి ఏడాదికి ఒక గినీ (అప్పటి బంగారు నాణెం) పన్ను వేశాక ఆ పిచ్చి ఇంకా త్వరగా వదిలింది. పట్టు మేజోళ్ళు, మోకాళ్ళ దగ్గర బిగించే లాగులు, పూలు కుట్టిన వెయిస్టుకోట్లు, ఇవన్నీ మగవాళ్ళ సోకులే. మగవాడు నల్లకోటు, తెల్లచొక్కాలోకి దిగింది 1800ల్లోకి వచ్చాక. అప్పటినుంచి అలంకారమంతా ఆడవాళ్ళ మెడకే చుట్టారు, పైగా ఆడవాళ్ళకి ఫ్యాషన్ పిచ్చి అని పేరు పెట్టారు.

మరి ఆ బిగుతు కోటు, విగ్గు ఇంటికి రాగానే విప్పేసి ఏం వేసుకునేవారు? పొడుగ్గా, వదులుగా ఒక గౌను. మన దేశం నుంచి పోయిన అద్దకం గుడ్డతో, లేకపోతే పట్టుతో. దాన్ని ఇంగ్లండు వాళ్ళు బన్యన్ అన్నారు, మన గుజరాతీ వర్తకుల పేరు మీద పుట్టిన మాట. మనవాళ్ళు చొక్కా లోపల వేసుకునే బనియను పేరూ అదే. అది పెద్ద హోదా. సామ్యూల్ పీప్స్ అని లండన్‌లో ఒక ప్రభుత్వ అధికారి, 1666లో బొమ్మ గీయించుకోవడానికి ఇండియన్ గౌను అద్దెకి తెచ్చుకుని కూర్చున్నాడు. సొంతది లేదు, అద్దెకి! ఆ బొమ్మ ఇప్పటికీ లండన్‌లోనే ఉంది.

ఇవన్నీ నాకు పట్టుకున్నది 2019లో. అమ్మాయి పురిటికని లండన్ వెళ్ళాను. మనవడికి మూడో నెల వచ్చాక ఒక ఆదివారం తోపుడుబండిలో వాణ్ణి పడుకోబెట్టుకుని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి తీసుకెళ్ళింది, టికెట్టు లేదు గనక. బట్టల గదిలో దీపాలు బాగా తగ్గించి పెడతారు, రంగులు పోకుండా. ఆ మసకలో ఒక గాజుపెట్టె ముందు ఆగిపోయాను. తెల్లటి నూలు గుడ్డ, దాని మీద తీగలు, ఎర్ర పూలు, ఆ ఎరుపు అంచున నల్లటి సన్న గీత. మా అమ్మమ్మగారి ఊరు పెడన, కలంకారీ అద్దకాల ఊరు. చిన్నప్పుడు సెలవులకి వెళితే కాలవ గట్టున ఆరేసిన గుడ్డల మీద చూసిన గీత అది. "అమ్మా, చదవనక్కర్లేదు కదా నువ్వు" అంది మా అమ్మాయి. అయినా పక్కనున్న చీటీ చదివి చెప్పింది: గుడ్డ కోరమాండల్ తీరంలో, అంటే మన తూర్పు తీరంలోనే, అద్దినది, గౌను ఇంగ్లండులో కుట్టినది.

పావుగంట అక్కడే నిలబడ్డాను. ఎడమ చంక కింద అరచేతి వెడల్పు అతుకు ఉంది. పువ్వు సగంలో ఆగిపోయి, పక్కన ఇంకో తీగ తలకిందులుగా మొదలవుతుంది. భుజం మీద ఇంకో చిన్న అతుకు, మూడు వేళ్ళంత. లంగా భాగంలో పాత కుచ్చిళ్ళ మడతలు విప్పినచోట గుడ్డ కాస్త ముదురుగా, లోపలే దాక్కున్నట్టు ఉంది, మిగతాదంతా వెలిసింది. అంటే అది మొదట కుట్టినప్పుడు అలా లేదు. ఎవరో విప్పి, కొలత మార్చి, మిగిలిన ముక్కలతో చంక అతికి మళ్ళీ కుట్టారు. నిలువు కుట్లు చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది: బియ్యపుగింజంత పొడుగు, గబగబా వేసిన టాకాల్లా ఉన్నాయి. నా దగ్గర పని నేర్చుకునే పిల్ల అలా కుడితే విప్పించేదాన్ని. కాసేపటికి అర్థమైంది, అది చేతకాక కాదు. రేపు విప్పుకోవడానికి వీలుగా అలా కుట్టారు. అక్కడ ఖరీదు గుడ్డది, కుట్టుకూలిది కాదు. లండన్‌లో నేసే పట్టు పన్నా సుమారు ఇరవై అంగుళాలే, ఒక గౌనుకి పది గజాలు దాటి పడుతుంది. అంత డబ్బు పోసి కొన్న గుడ్డని ఎవరు ముక్కలు చేసుకుంటారు? అందుకే వీలైనంత తక్కువ కోసి, మడతలు పెట్టి ఒంటికి అమర్చారు. ముందు భాగం గుండుసూదులతోనే మూసేవారు, మనం చీర కుచ్చిళ్ళకి పిన్ను పెట్టుకున్నట్టు.

పట్టు ఉతికితే పాడవుతుంది. మన అద్దకం ఉతికేకొద్దీ వెలుగుతుంది. యూరప్ వెర్రెత్తింది దీనికే. నూలు మీద రంగు అలా నిలబెట్టడం అప్పటికి వాళ్ళకి చేతకాదు. కరక్కాయ, గేదెపాలలో గుడ్డ నానబెట్టాలి, ఎరుపు రావాల్సినచోట పటిక నీళ్ళు అద్దాలి, నల్ల గీతకి ఇనుపతుక్కు బెల్లం నీళ్ళలో పులియబెట్టాలి, తర్వాత ఎరుపునిచ్చే చిరివేరుతో ఉడకబెట్టాలి. పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది కాలవలో ఉతికి ఎండేస్తే పోతుంది. నీలానికైతే, నీలం అక్కర్లేనిచోట మైనం పూసి నీలిమందులో ముంచాలి. చిరివేరుకి మన నిజాంపట్నం వైపు పెట్టింది పేరు. ఈ గుడ్డల కోసమే డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లిష్‌వాళ్ళు మచిలీపట్నం వచ్చి కూర్చున్నారు. కూర్దూ అని తెలుగు కూడా వచ్చిన ఒక ఫ్రెంచి పాద్రీ ఈ పద్ధతంతా అడిగి తెలుసుకుని 1742లో వాళ్ళ దేశానికి ఉత్తరం రాసి పంపాడు. అడిగిన మనిషి పేరు మిగిలింది, చెప్పిన అద్దకంవాళ్ళలో ఒక్కరి పేరూ మిగల్లేదు. అది నాకు కష్టంగా ఉంటుంది.

వాళ్ళ నేతగాళ్ళకి కడుపు కాలింది మరి. ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డని నిషేధిస్తే 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతవాళ్ళు వీధుల్లో అద్దకం గుడ్డ కట్టిన ఆడవాళ్ళ మీద పడి గౌన్లు చించారు, సిరా, యాసిడ్ పోశారు. పని పోయిన నేతగాడి బాధ మా వైపు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ దారినపోయే ఆడమనిషి మీద యాసిడ్ ఏమిటి? ఇంత జరిగినా ఆడవాళ్ళు కట్టడం మానలేదు, మగవాళ్ళు ఇంట్లో బన్యన్ విప్పలేదు.

ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నది చూడండి. ఎక్కడో మిల్లులో స్క్రీన్ ప్రింటు కొట్టిన గుడ్డని కలంకారీ అని అమ్ముతారు, రెండు ఉతుకులకి మసిగుడ్డలా అయిపోతుంది. రెడీమేడ్ జాకెట్లు విప్పి చూస్తే లోపల పావంగుళం గుడ్డ కూడా వదలరు, మనిషి కాస్త ఒళ్ళు చేస్తే దాన్ని పారేయడమే. నేను పక్కలకి అంగుళంన్నర వదిలి మూడు వరసల కుట్టు వేస్తాను, అలా వేస్తే లోపల గరుకుగా ఉందని తగాదా పడేవాళ్ళున్నారు. జేబు సంగతి సరేసరి. ఆ కాలంలో ప్రతి ఆడమనిషికీ లంగా కింద నడుముకి కట్టుకునే గుడ్డ సంచీలు ఉండేవి, ఒక్కోటి జానెడు పైన పొడుగు, పైలంగా పక్క చీలికలోంచి చెయ్యి పెట్టి తీసుకునేవారు. మూడు వందల ఏళ్ళ తర్వాత మన చుడీదారుకి జేబు పెట్టమంటే వింతగా చూస్తారు. నేను అడగకుండానే పెడుతున్నాను.

లండన్‌లో ఉన్నవాళ్ళు ఇది చదివితే ఒక పని చేసిపెట్టండి. ఆ గౌను ఇంకా బయటే పెట్టి ఉంటే ఎడమ చంక కింద ఆ అతుకుని ఫోటో తీసి పంపండి. మా అమ్మాయి తీసినది గాజు మీద వెలుగు పడి మసకగా వచ్చింది, పువ్వు ఎక్కడ ఆగిందో కనపడటం లేదు.