విడుదల పత్రంపై సంతకానికి ముందు

ప్రశ్న: మేము చెన్నైలోని పెరంబూరులో ఉంటున్నాము. నాన్నగారు స్వార్జితంతో నెల్లూరులో ఇల్లు కట్టించి, వీలునామా రాయకుండానే కాలం చేశారు. పెళ్లికి కట్నం ఇచ్చారు కనుక హక్కు విడుదల పత్రం రాసివ్వమని అన్నయ్య అడుగుతున్నాడు. అమ్మ ఆ ఇంట్లోనే ఉంటోంది. నాకు సెలవు దొరకదు. అన్నయ్యకే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చునా?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేని స్వార్జిత ఆస్తిలో భార్యకు, కొడుకుకు, కూతురికి సమాన వాటాలు వస్తాయి కనుక, మీ నాయనమ్మగారు అప్పటికే లేనట్లయితే, ఆ ఇంట్లో మీది మూడో వంతు. కట్నం ఆ వాటాను తుడిచివేయదు. అసలు 1961 చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే.

మనస్ఫూర్తిగా వదులుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, కాని రిజిస్టరైన విడుదల పత్రాన్ని తరువాత మనసు మారిందని వెనక్కు తీసుకోలేరు. అందువల్ల ఆ వాటాను అమ్మగారి పేర విడుదల చేయడమో, ఆమె జీవితాంతం అక్కడే నివసించే హక్కును పత్రంలో రాయించడమో మేలని నా అభిప్రాయం. లాభం పొందే వ్యక్తికే పవర్ ఇవ్వడం ఎంత అన్నయ్య అయినా సరికాదు. నెల్లూరు రైలులో సుమారు మూడు గంటల ప్రయాణమే; ఆదివారం వెళ్లి అమ్మగారితో మాట్లాడి, ముసాయిదాను మీరు నియమించుకున్న న్యాయవాదికి చూపించి, ఆ తరువాతే సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి స్వయంగా వెళ్లండి.