నాన్నగారి పాత ట్రైలర్‌కు తొమ్మిది లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 61. ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. భీమిలి దగ్గర సొంత ఇల్లు, చిన్న కొబ్బరి తోట ఉన్నాయి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షలు, బ్యాంకు డిపాజిట్లలో 14 లక్షలు, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్‌లో 8 లక్షలు ఉన్నాయి. ఈపీఎస్ పింఛను నెలకు 5,300 రూపాయలు. మా ఇద్దరి ఆరోగ్య బీమాతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 32 వేలు. మా నాన్నగారు సర్వే కాంట్రాక్టులు చేసే రోజుల్లో, 1972లో, క్యాంపుల్లో ఉండటానికి ఒక ట్రైలర్ కట్టించుకున్నారు. ఇనుప ఛాసిస్ మీద టేకు చట్రం, దానిపై అల్యూమినియం రేకు, పొడవు 14 అడుగులు. ఆయన పోయాక అది తోటలో పాక కింద ఉండిపోయింది. దాన్ని బాగుచేయించి, సంపత్ వినాయక గుడి దగ్గర పూజ చేయించి, నా బొలేరోకు తగిలించుకుని అరకు వెళ్లాలని ఉంది. ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపు వారు 9 లక్షలు అవుతుందని, సగం అడ్వాన్సు ఇమ్మని అంటున్నారు. డిపాజిట్ గడువుకు ముందే తీసెయ్యవచ్చా? అమెరికాలో ఉన్న మా బంధువు తన పాత ట్రైలర్‌కు ముందే ఒప్పుకున్న విలువకు బీమా చేయించుకున్నాడట. అది ఇక్కడ దొరుకుతుందా? వారాంతాల్లో అద్దెకిస్తే ఖర్చు తిరిగి వస్తుందా? అబ్బాయి 2 లక్షలు ఇస్తానంటున్నాడు. మా ఆవిడకు మాత్రం ఇష్టం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. నాన్నగారి వస్తువును నిలబెట్టుకోవాలన్న కోరిక ఒకటి, పెట్టిన డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ మరొకటి. మొదటిది న్యాయమైనది, మీ స్తోమతకు లోబడి దాన్ని తీర్చుకోవడానికి దారి ఉంది. రెండవదాన్ని ఈ రోజే వదులుకోమని నా మనవి. అమెరికాలో 1930ల నుంచి తయారవుతున్న ఎయిర్‌స్ట్రీమ్ వంటి ట్రైలర్లకు క్లబ్బులు, విడిభాగాలు అమ్మేవారు, పాతవాటిని వెతుక్కుని కొనేవారు ఉన్నారు కనుక అక్కడ బాగుచేసిన బండికి ఒక మార్కెట్ ధర అంటూ ఏర్పడుతుంది. మన దగ్గర అలాంటి సంత లేదు. మీరు 9 లక్షలు పెట్టినా 4 లక్షలు పెట్టినా, రేపు అమ్మబోతే వచ్చేది దాదాపు రేకు, ఇనుము, టేకుల ధరే. అందువల్ల ఈ డబ్బును ఇంట్లో పెళ్లి ఖర్చును చూసినట్లు ఖర్చుగానే చూడాలి.

ఇప్పుడు నెలసరి లెక్క చూద్దాం. సేవింగ్స్ స్కీములోని 30 లక్షలకు 8.2 శాతం చొప్పున మూడు నెలలకొకసారి 61,500, అంటే నెలకు 20,500 రూపాయలు వస్తాయి. డిపాజిట్లకు సగటున 7 శాతం అనుకుంటే నెలకు 8,166. పింఛను కలిపితే మొత్తం 33,966. ఖర్చులు పోగా మిగిలేది 1,966 రూపాయలు. డిపాజిట్లలోంచి 9 లక్షలు తీస్తే నెలకు 5,250 రూపాయల వడ్డీ పోయి రాబడి 28,716కు దిగుతుంది. అంటే ట్రైలర్ ఇంకా రోడ్డెక్కకముందే ప్రతి నెలా 3,284 రూపాయల లోటు మొదలవుతుంది. బియ్యం, మందులు, ఆరోగ్య బీమా ప్రీమియం పెరిగే కొద్దీ ఆ లోటూ పెరుగుతుంది. మీ శ్రీమతి గారు కాగితం మీద లెక్క వేసి చెప్పి ఉండకపోవచ్చు గానీ, ఆవిడ అభ్యంతరంలో ఉన్నది ఈ 3,284 రూపాయలే. కాబట్టి డిపాజిట్లను కదపవద్దు. సేవింగ్స్ స్కీము జోలికి అసలే వెళ్లవద్దు, ఎందుకంటే రెండేళ్లు దాటాక ఖాతా ముందుగా మూసినా అసలులో 1 శాతం, మీ విషయంలో 30,000 రూపాయలు, కోత పడుతుంది.

మరి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మ్యూచువల్ ఫండ్ నుంచి రెండున్నర లక్షలు, అబ్బాయి ఇస్తానన్న 2 లక్షలు, మొత్తం నాలుగున్నర లక్షలు. ఇదే మీ గరిష్ఠ పరిమితి. ఫండ్‌లో మిగిలే అయిదున్నర లక్షలు పదేళ్ల తరువాతి ధరలను తట్టుకోవడానికి మీకున్న ఏకైక ఆసరా, అందుకే అంతకు మించి తీయవద్దంటున్నాను. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల మీద ఒక ఆర్థిక సంవత్సరంలో 1,25,000 రూపాయల వరకు లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం ఉంది. ముందు కొన్న యూనిట్లనే ముందు అమ్మినట్లు లెక్కిస్తారు కనుక మొదటి విడతలో లాభం వాటా మీరు అనుకున్నదానికంటే ఎక్కువ ఉంటుంది. సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో తీస్తే రెండు సంవత్సరాల మినహాయింపూ వాడుకోవచ్చు.

అయితే ఈ నాలుగున్నర లక్షల్లో ఒక్క రూపాయి కూడా వర్క్‌షాపుకు వెళ్లకముందు కాగితాల సంగతి తేలాలి. మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ను కూడా మోటారు వాహనంగానే నిర్వచించింది. కనుక దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, రోడ్డు మీదికి తెస్తే థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సొంత వాడకపు వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తరువాత అయిదేళ్లకొకసారి పునరుద్ధరణ. మీ ట్రైలర్‌కు ఆ గడువు ఎన్నిసార్లు దాటిందో మీరే లెక్కపెట్టవచ్చు. నాన్నగారి పేరు మీద ఉన్నది వారసులుగా మీ పేరుకు మారాలంటే ఫారం 31, పునరుద్ధరణకు ఫారం 25. ఆలస్యానికి నెలల చొప్పున అపరాధ రుసుము పడుతుంది. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి మీరు వినే ఉంటారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ప్లేటు అందులో భాగం. కాని ఆ నిబంధనలు రెండు చక్రాల వాహనాలకు, కార్లకు రాసినవి, వాటి కింద మీ ట్రైలర్‌కు చోటు దొరుకుతుందని నమ్మి డబ్బు పెట్టవద్దు. పాత ఆర్సీ పుస్తకం తీసుకుని రవాణా కార్యాలయానికి వెళ్లి, ఆ నంబరు వారి రికార్డుల్లో ఉందా, పునరుద్ధరణకు అవకాశం ఉందా అని రాతపూర్వకంగా అడగండి.

అవకాశం లేదని తేలితే బాధపడకండి. చక్రాల మీద తిరగని ట్రైలర్ మీ తోటలో ఒక చక్కటి గది అవుతుంది. ఇరుసు, బ్రేకులు, టైర్లు, లైట్ల ఖర్చు పోతుంది, వాహన బీమా అక్కర్లేదు. నేల, పైకప్పు, కిటికీలు బాగుచేసి నాన్నగారు పడుకున్న బల్లను మళ్లీ బిగించుకోవడానికి లక్షన్నర చాలునని నా అంచనా. నిజం చెప్పాలంటే, రిజిస్ట్రేషన్ దొరికినా మీరు ఈ దారినే ఎంచుకుంటే నేను ఎక్కువ సంతోషిస్తాను.

బీమా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేనే దెబ్బతిన్నాను. మా నాన్నగారి పాత జీపును నేను 2,80,000 రూపాయలు పెట్టి బాగుచేయించాను. ఏటా పాలసీ రెన్యువల్ కాగితం వచ్చేది, అందులో ఐడీవీ అని ఉండే వాహన విలువ 75,000 అని ఉండేది, నేను చూడకుండానే డబ్బు కట్టేవాణ్ణి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు ఎంవీపీ కాలనీలో మా ఇంటి ముందున్న బాదం చెట్టు ఆ జీపు మీద కూలింది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే పూర్తి నష్టంగా లెక్కగడతారు, అప్పుడు చేతికి వచ్చేది ఆ ఐడీవీ మేరకే. బీమా కంపెనీ తప్పేమీ లేదు, ఆ అంకెను మార్పించుకోని తప్పు నాది.

అయిదేళ్లు దాటిన వాహనానికి ఐడీవీ పట్టిక ప్రకారం నిర్ణయం కాదు, కంపెనీ, మీరు మాట్లాడుకుని ఒప్పుకున్నది రాస్తారు. కనుక పని అయ్యాక లైసెన్సున్న బీమా సర్వేయరు చేత విలువ నివేదిక రాయించి, జీఎస్టీ బిల్లులు, పనికి ముందు, పని జరుగుతుండగా, పని అయ్యాక తీసిన ఫొటోలు జతచేసి ఆ విలువకు పాలసీ అడగండి. మీ బంధువు చెప్పినది దీనికంటే మెరుగైనది. అక్కడ పాత ట్రైలర్లకు తరుగుదల తీసి ఇచ్చే పాలసీలు, ముందే ఒప్పుకున్న మొత్తాన్ని తరుగుదల లేకుండా ఇచ్చే పాలసీలు వేర్వేరుగా దొరుకుతాయి, ఆయన తీసుకున్నది రెండవది. మన వాహన బీమా నియమాల సంకలనమైన పాత మోటారు టారిఫ్‌లోనూ అలాంటి ‘అగ్రీడ్ వాల్యూ’ పాలసీ ఉంది గాని, అది 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన కార్లకే పరిమితం. 1972 నాటి ట్రైలర్‌కు అది వర్తించదు.

పాక్షిక నష్టం జరిగినప్పుడు తరుగుదల గట్టిగానే తగులుతుంది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు 50 శాతం కోస్తారు. చెక్కతో సహా మిగతా భాగాలకు పదేళ్లు దాటిన వాహనంలో అదే 50 శాతం. అంటే పైకప్పు చట్రానికి 40,000 విలువైన కొత్త కలప వేస్తే మీకు వచ్చేది 20,000. అద్దానికి మాత్రం తరుగుదల లేదు. ఇక్కడ తుఫాను భయం ఉంది కనుక థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకుంటే సరిపోదు, సొంత నష్టం భాగం ఉన్న పాలసీలోనే వరద, తుఫాను నష్టాలు వస్తాయి.

దీనికంటే ముఖ్యమైనది మీ బొలేరో పాలసీ. ట్రైలర్ తగిలించి లాగబోతున్నట్లు కంపెనీకి తెలియజేసి, ఐఎంటీ 30 అనే ఎండార్స్‌మెంటును, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతును, ట్రైలర్ నంబరుతో సహా రాయించుకోవాలి. దాని మాటలను ఒకసారి నిదానంగా చదవండి. ట్రైలర్ అంటే లోపలి సామాను కాదని అందులో స్పష్టంగా ఉంది, కనుక స్టవ్వు, పరుపులు, ఫ్యాను పోతే పరిహారం రాదు. ట్రైలర్‌లో ప్రయాణిస్తున్న మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా, అతను ఉద్యోగరీత్యా అందులో ఉంటే తప్ప ఆ రక్షణ వర్తించదు. అనంతగిరి ఘాట్‌లో మనవలు ‘తాతయ్యా, మేము వెనకాల కూర్చుంటాం’ అంటే ఒప్పుకోకండి.

అద్దె విషయం ఒక్క మాటలో చెబుతాను, వద్దు. సొంత వాడకపు వాహనాన్ని పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే చట్టం ఒప్పదు, పాలసీలోని వాడకపు షరతు తప్పినందుకు క్లెయిము కూడా పోతుంది. వారాంతానికి వచ్చే మూడు నాలుగు వేల కోసం మీ 52 లక్షలను థర్డ్ పార్టీ దావాకు ఎదురు నిలబెట్టడం నాకు సమ్మతం కాదు.

వర్క్‌షాపు వారికి సగం అడ్వాన్సు ఇవ్వవద్దు. మొదటి విడతగా 60,000 కేటాయించి ఛాసిస్, ఇరుసు, బేరింగులు, బ్రేకులు, లాగే హుక్కు వరకే పని చేయించండి. అవి నిలబడవని తెలిస్తే నష్టం అక్కడితో ఆగుతుంది. అంతకంటే ముందు మీరే ఒక స్క్రూడ్రైవరు తీసుకుని లోపలి నేల నాలుగు మూలలా, కిటికీల కింద కలపలో గుచ్చి చూడండి. టేకు గట్టిగా ఎదురుతిరిగితే మంచిది, మెత్తగా దిగితే ఏళ్ల తరబడి వాన నీరు దిగిందని అర్థం. రివెట్ల చుట్టూ తెల్లటి పొడి రాలుతుంటే, ఉప్పు గాలికి ఇనుము, అల్యూమినియం కలిసిన చోట రేకు తినేసిందన్న మాట. అలాంటి రేకుకు పైన రంగు వేస్తే ఆరు నెలల్లో పొంగుతుంది. మీకొచ్చిన 9 లక్షల అంచనాలో పాలిష్, లోపలి అలంకరణల వాటా ఎంతో విడిగా రాసి ఇమ్మనండి, నాలుగున్నర లక్షల్లోకి దిగడానికి అక్కడే చోటు దొరుకుతుంది. ఆ తరువాత కూడా ఏటా వానలకు ముందు అతుకులకు సీలెంటు, వయసు మీరిన టైర్లు, బీమా కలిపి 20 నుంచి 25 వేలు అవుతుంది. మీకు ఏడాదికి మిగిలేది 23,592 రూపాయలు కనుక అదంతా దీనికే పోతుందని ఇద్దరూ కూర్చుని ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఈ వారంలోనే చేయవలసిన పని ఒకటుంది. ఛాసిస్ దూలం మీద పొడిచిన నంబరును వెతకండి. తుప్పును కిరసనాయిలుతో నానబెట్టి, గుడ్డతో, మెత్తని బ్రష్షుతో మాత్రమే తుడవండి. అంకెలు కనిపించగానే తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీయండి, ఆర్సీ పుస్తకంలోని నంబరుతో పోల్చి చూడండి. ఆ ముద్ర మీ చేతికి వచ్చేదాకా వర్క్‌షాపు వారిని ఆ దూలం మీద గ్రైండరు పెట్టనివ్వకండి.