ఆయిల్ మార్చడానికి జాకీ మీదున్న కారు కిందికి దూరొచ్చా?

వద్దు. కారుతో ఇచ్చే జాకీ టైరు మార్చడానికే. ఆయిల్ ఒత్తిడితో ఎత్తే హైడ్రాలిక్ జాకీ అయినా, సీలు దగ్గర ఆయిల్ కారితే కారు కిందికి దిగిపోతుంది. జాకీతో ఎత్తి, బరువును జాక్ స్టాండ్ల (కారును మోసే ఇనుప కాళ్ల స్టాండ్లు) మీదకు దించాలి, అదీ ఓనర్ మాన్యువల్‌లో చూపిన చోటే.

నేల చదునైన కాంక్రీటు అయితే మేలు. మట్టిలో, ఎండకు మెత్తబడ్డ తారులో స్టాండు కాళ్లు దిగబడతాయి. ముందు భాగం ఎత్తితే వెనక చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే కాబట్టి, వెనక భాగం ఎత్తినప్పుడు దాన్ని నమ్ముకోకండి. దూరేముందు కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ మొదటినుంచే. స్టాండ్ల బదులు ఇటుకలు మాత్రం పెట్టకండి, అవి చెప్పి పగలవు.